ఆశకు మార్కులు వేసేదెవరు?

ఒక స్త్రీని కూర్చోబెట్టి, నీ జీవితంలో మంచి జరుగుతుందని నమ్ముతావా అని అడుగుతారు. నమ్మనంటుంది. సున్నా వేస్తారు. ఎందుకు నమ్మవని అడగడానికి ఆ కాగితంలో చోటే ఉండదు.

ఆశావాదాన్ని కొలవడానికి అనేక దేశాల్లో వాడుతున్న ప్రశ్నావళి తీరు ఇదే. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు షయర్, కార్వర్ 1985లో దీన్ని రూపొందించారు. 1994లో సవరించిన రూపంలో 10 వాక్యాలున్నాయి. 4 ఊరికే కలిపినవి, లెక్కలోకి రావు. మిగిలిన 6 వాక్యాలకు ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు, మొత్తం 24. మార్కులు పెరిగేకొద్దీ ఆశావాదం ఎక్కువని లెక్క. ఇది మనిషిలో చాలావరకు స్థిరంగా ఉండే స్వభావమని వారి సిద్ధాంతం.

మన అభ్యంతరం ఇక్కడే. మొగుడు కొడతాడనీ, స్టేషనుకెళ్తే రాజీ పడమంటారనీ, పుట్టింటికెళ్తే సర్దుకోమంటారనీ అనుభవంతో తెలిసిన స్త్రీ ఇక మంచి జరగదనుకుంటే, అది ఆమె స్వభావమా? తన పరిస్థితిని ఆమె సరిగ్గా అంచనా వేసింది. దానికి నిరాశావాదమని పేరు పెట్టగానే తప్పు పితృస్వామ్యం మీద నుంచి జారి ఆమె మీద పడుతుంది. ఇక ఆమెకు ఆస్తిహక్కు అక్కర్లేదు, ఆలోచన మార్చే కౌన్సెలింగ్ చాలు!

గుండె ఆపరేషన్ తర్వాత ఆశావాదులు త్వరగా కోలుకున్నారని ఈ పరిశోధకులే 1989లో చూపారు. కాదనం. కానీ ఆ అధ్యయనంలో ఉన్నవాళ్లంతా పురుషులే. ఆపరేషన్ అయిన మనిషికి ఇంట్లో పథ్యం వండి పెట్టేదెవరో మనకు తెలుసు.

దూబగుంటలో మొదలై 1992లో నెల్లూరు జిల్లా అంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని గుర్తు చేసుకుందాం. అంతకుముందు ఆ స్త్రీలకు ఈ ప్రశ్నలు వేస్తే ఎన్ని మార్కులొచ్చేవి? వాళ్ల ఆశ అక్షరాస్యతా తరగతుల్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడంలో పుట్టింది, వేలంపాటల్ని అడ్డుకోవడంలో పెరిగింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. అప్పుడు వాళ్లు నిరాశపడితే మారింది వాళ్ల స్వభావమా, ప్రభుత్వం మాటా?

శిక్షణకు ముందొకసారి, తర్వాతొకసారి ఇలాంటి కాగితాలు నింపించి, పెరిగిన మార్కుల్ని సాధికారతగా నివేదికలో రాయడానికి మనం ఒప్పుకోకూడదు. వాడక తప్పకపోతే పక్కనే ఇంకో ప్రశ్న చేర్చుదాం: మంచి జరగకుండా నీకు అడ్డుపడుతున్నదెవరు? దానికి మార్కులుండవు. మన పని మాత్రం ఆ జవాబు దగ్గరే మొదలవుతుంది.