తీసివేతల లెక్క

ధర పెరిగితే సరుకూ పెరగాలని మన ఇళ్ళలో లెక్క. నూరు రూపాయలు ఎక్కువ పెట్టి చీర కొంటే అంచు మరో రెండు వేళ్ళు వెడల్పుండాలి. హోటలువాడు దోసె ధర పెంచితే పచ్చడి ఇంకో గరిటె వెయ్యాలి. వెయ్యకపోతే ఊరుకోం. ఈ లెక్క తలకిందులుగా నడిచే అంగడి ఒకటి లోకంలో ఉన్నది. అక్కడ వెనక సీటు తీసేసి ధర పెంచుతారు. కాళ్ళకింది తివాచీ తీసేసి మరికొంత పెంచుతారు. తలుపుకు లోపలి పిడి బదులు ఒక పట్టీ తగిలించి ఇంకా పెంచుతారు. కొనుక్కున్న పెద్దమనిషి మోసపోయానని గోల పెట్టడు సరిగదా, మీసం దువ్వుకుంటూ ఇంటికి పోతాడు.

పందెపు బాటను దృష్టిలో పెట్టుకుని చేసిన స్పోర్ట్సు కార్ల అంగడి అది. మామూలు స్పోర్ట్సు కారే రెండు తలుపులతో, నేలను కరుచుకుని, ఉన్నవాళ్ళ ముచ్చటగా ఉంటుంది. దాన్ని ఇంకా చెక్కి, ఒలిచి, ట్రాకుమీద తిప్పడానికి తయారు చేసినది మరో రకం. ఈ రెండో రకాన్ని ప్రాణంగా చూసుకునే అభిమానులు దేశదేశాల్లో ఉన్నారు. మా మేనల్లుడు వాళ్ళలో ఒకడు. బెంగుళూరులో ఉద్యోగం. అలాంటి కారు కొనే స్తోమతు వాడికి లేదు, వాడి జీతం మూడింతలైనా రాదు. అయినా దేవనకొండకు పండగకు వచ్చినప్పుడల్లా నాకు ఈ పాఠమే చెబుతాడు. మా తరం వాళ్ళం కారనగానే ఎంతమంది పడతారని అడుగుతాం, లీటరుకు ఎంత పోతుందని అడుగుతాం. వాడి బడిలో మొదటి ప్రశ్న వేరు: బరువెంత?

1972లో జర్మనీలోని పోర్షే కంపెనీకి ఒక అవసరం వచ్చింది. పందెంలో ఒక తరగతిలో పాల్గొనాలంటే అదే రకం కార్లు 500 తయారు చేసి అమ్మాలని నిబంధన. అందుకోసం కరేరా ఆర్.ఎస్. అనే కారు చేశారు. ఇంజను 2.7 లీటర్లది, బలం 210 గుర్రాలు. పైరేకు పలచన చేశారు, అద్దాలు పలచన చేశారు. వెనక సీట్లు లేవు, గడియారం లేదు, తివాచీ పేరుకు మాత్రం. అంతా కలిపి 960 కిలోలకు దించారు. ఈ బోడి కారును 500 మంది ఎక్కడ కొంటారని అమ్మకాలవాళ్ళు బెంగపడ్డారట. తీరా చూస్తే 1,580 అమ్ముడైనాయి.

మా సీమవాళ్ళకు ఈ సంగతి బోధపరచడానికి జర్మనీదాకా పోనక్కరలేదు. బండలాగుడు గిత్తలను చూపిస్తే చాలు. ఉగాదికీ, ఊరి తిరుణాళ్ళకూ మా వైపు ఈ పందేలు తప్పవు. ఎద్దుల పళ్ళు చూసి వర్గాలు కడతారు — పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు, ఆరు. వర్గాన్నిబట్టి బండ బరువు. పెట్టిన గడువులో ఏ జత ఎన్ని అడుగులు లాగితే దానికంత పేరు. సేద్యపుటెద్దు అన్ని పనులూ చెయ్యాలి. గొర్రుకు కట్టాలి, గుంటకకు కట్టాలి, బండికి కట్టాలి. పందెపు గిత్తకు ఈ పనులేవీ ఉండవు. ఉలవలు తిని, ఒళ్ళు తోమించుకుని, పందెం ఊరికి లారీలో ఎక్కి పోతుంది. ఖరీదు చూస్తే సేద్యపుటెద్దును మించిపోతుంది. పొలానికి పనికిరాని ఎద్దుకు అంత డబ్బేమిటని మా ఊళ్ళో ఎవరూ అడగరు. అదే మాట కారుకు తగిలించి అడిగితే మాత్రం మేనల్లుణ్ణి పిచ్చివాడంటాం.

అసలు ఈ అభిమానులకు కావలసిందేమిటని ఒకరోజు నిలదీశాను. వాడు వేళ్ళు మడిచి చెప్పాడు.

మొదటిది, బరువు తగ్గడం. కారు పరుగు అందుకోవాలన్నా, ఆగాలన్నా, వంపు తిరగాలన్నా అడ్డుపడేది బరువే. ఇంజను బలం పెంచితే పరుగు ఒక్కటే బాగుపడుతుంది. బరువు తగ్గిస్తే మూడూ బాగుపడతాయి. లోటస్ కంపెనీ పెట్టిన ఇంగ్లీషు ఇంజనీరు కాలిన్ చాప్మన్ బతుకంతా ఈ ఒక్క సూత్రం మీదే నడిచింది.

రెండవది, అలసిపోని బ్రేకులు. వేగం రెట్టింపైతే దాన్ని ఆపడానికి నాలుగింతల శక్తిని మింగాలి. ఆ శక్తంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. మామూలు కారును ట్రాకుమీద కొన్ని చుట్లు గట్టిగా తోలితే బ్రేకునూనె మరిగి బుడగలు పుడతాయి. పెడలు కాలికింద మెత్తబడుతుంది. ఇల్లు చేరాల్సిన మనిషికి ఇంతకంటే చెడ్డ కబురు లేదు.

మూడవది, చల్లదనం. ఇది మనిషికి కాదు, ఇంజనుకు. పొడుగాటి వంపులో నూనె ఒక పక్కకు ఒరిగిపోయి పంపుకు అందకపోతే ఇంజను కరుచుకుపోతుంది. అందుకని నూనెకు వేరే తొట్టి పెడతారు. 2022లో వచ్చిన పోర్షే జీటీ 3 ఆర్.ఎస్.లో ముందువైపు సామాను పెట్టుకునే చోటంతా ఒకే పెద్ద రేడియేటరు ఆక్రమించింది. ఆ కారు వెనక రెక్క ఒకటి ఉంది. ముందూ వెనకా గాలిని మలిచిన తీరువల్ల, గంటకు 285 కిలోమీటర్ల వేగం వద్ద, గాలి ఆ కారును 860 కిలోల బరువుతో నేలకు అదిమి పడుతుంది. ఇంచుమించు ఒక జత గిత్తలు కారు నెత్తిన ఎక్కి నిలబడినట్టే! బరువు తగ్గించమని గోలపెట్టి, తిరిగి గాలిచేత బరువు మోపించుకోవడం ఏమిట్రా అన్నాను. "అది మోసే బరువు గాదు మామా, పట్టుకునే బరువు" అన్నాడు.

నాలుగవది నాకు నచ్చింది. చేతికీ, కాలికీ పని ఉండాలట. 2013లో పోర్షే వాళ్ళు జీటీ 3 కారులో క్లచ్చి పెడలు తీసేశారు. గేర్లు యంత్రమే మారుస్తుంది, అదీ మనిషికంటే చురుగ్గా. చుట్టుకు పట్టే సమయం తగ్గింది. లెక్కప్రకారం అభిమానులు పండగ చేసుకోవాలి. వాళ్ళేమో అలిగి కూచున్నారు. కంపెనీ 2016లో కాలితో క్లచ్చి తొక్కి, చేత్తో గేరు మార్చే కార్లు 991 మాత్రం చేసి అమ్మింది. వాటికోసం జనం ఎగబడ్డారు. 2017లో జీటీ 3లోనే మళ్ళీ చేతి గేరు ఇవ్వక తప్పలేదు. వేగంకోసం పుట్టిన కారులో వేగాన్ని వదులుకుని మరీ పని అడిగి తెచ్చుకున్నారన్నమాట. పందేల్లో కూడా అంతే. చర్నాకోల దెబ్బకు కదిలే జతను జనం చూసి ఊరుకుంటారు. పేరుపెట్టి పిలిస్తే కదిలే జత వస్తే లేచి నిలబడతారు. తన మాట ఆ మూగజీవానికి అందిందన్న ఆనందం ఆ రైతుది. తన చెయ్యి ఆ ఇనుముకు అందిందన్న ఆనందం వీళ్ళది.

ఇంతవరకు విని మా అక్క ఒక్క ప్రశ్న వేసింది. "వెనక సీటు లేదంటివి. నన్ను యాడ కూర్చోబెడతావు రా?"

మేనల్లుడు నవ్వి ఊరుకున్నాడు గాని, ప్రశ్న చిన్నదేమీ కాదు. ఆ కరేరా కథకు తోక ఒకటుంది. అమ్ముడైన 1,580 కార్లలో ఒలిచిన రకం 200 మాత్రమే. ఎక్కువమంది సీట్లు, తివాచీలు తిరిగి పెట్టించుకున్న రకమే కొన్నారు. మనసు కోరేది ఒకటి, నడుము కోరేది ఒకటి. ఇప్పటి జీటీ 3 ఆర్.ఎస్.లో కూడా వెనక సీట్లు పోయాయి గాని, ఏ.సి. మాత్రం పోలేదు. వైరాగ్యం కూడా కొంచెం చల్లగా ఉంటేనే అమ్ముడవుతుంది కాబోలు. ఈ బలహీనతను నేను వెక్కిరించను. పగలు ట్రాకుమీద తిరిగి సాయంత్రం అదే కారులో ఇంటికి రావాలని కోరుకోవడం మనిషి తనమే.

నేను భయపడేది వేరొక తీసివేతను చూసి. కర్నూలునుంచి బళ్ళారి పోయే దారి మా ఊరిమీదుగానే ఉంది. ఆ దారిలో ఆదోనికి పత్తి పోతుంది, కర్నూలుకు ఉల్లిగడ్డలు పోతాయి, కూలిజనంతో కిటకిటలాడే ఆటోలు పోతాయి, తీరిగ్గా గొర్రెల మందలు పోతాయి. అదే దారిమీద కుర్రవాళ్ళు మోటారు సైకిళ్ళతో పందెం వేసుకుంటారు. వాళ్ళకూ ఒలిచిన బండే కావాలి. అద్దాలు ఊడదీస్తారు, మడ్డుగార్డు తీసేస్తారు, సైలెన్సరు మార్చి ఊరంతా అదరగొడతారు, హెల్మెట్టు ఇంట్లో వదిలేస్తారు. బ్రేకుల జోలికి, టైర్ల జోలికి మాత్రం ఎవరూ పోరు. ట్రాకు కారు చేసే ఇంజనీరు ముందు ఆపడం సంగతి చూసుకుని, తరవాత పరుగు సంగతి చూస్తాడు. మనవాళ్ళు మొదటి పాఠం వదిలేసి రెండో పాఠం పట్టుకున్నారు. ఈ తీసివేతలో చివరకు పోయేది మనిషి. ఒక్కొక్కప్పుడు ఆ మనిషి పందెంలో లేనివాడే, గొర్రెలను దాటిస్తున్నవాడే.

బండి తయారీ వివరాలను ఇష్టంవచ్చినట్టు మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను చెబుతుంది. అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వేగపు పందెం పెట్టరాదని 189వ సెక్షను చెబుతుంది. చట్టం చెప్పినది మంచిదే. ఐతే వద్దన్న మాటతోబాటు, మరి ఎక్కడ అన్న ప్రశ్నకు కూడా పెద్దవాళ్ళు జవాబు చెప్పాలి.

దక్షిణాదికి ఆ జవాబు ఏనాడో దొరికింది. చెన్నైకి ఉత్తరాన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల దిగుడుబాట ఒకటి ఖాళీగా పడివుండేది. 1953లో పుట్టిన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బు ఏళ్ళతరబడి అక్కడ పందేలు నడిపింది. మన ఇళ్ళముందు నిలబడే ఫియట్ కార్లనే ఒలిచి, సవరించి పరుగెత్తించేవారు. 1980లలో బెంగుళూరు సిపానీ కంపెనీ డాల్ఫిన్ అనే చిన్న కారు చేసింది. ఇంజను 848 సి.సి. మాత్రమే, ఒళ్ళు ఫైబరు గ్లాసుది. బజారులో దానికి పెద్ద ఆదరణ లేదు గాని, తేలికగా ఉండటంవల్ల పందేలవాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 1990లో చెన్నైకి అవతల ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు వచ్చింది, చుట్టు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. కోయంబత్తూరు దగ్గర ఒకటుంది. ఢిల్లీ అవతల గ్రేటర్ నోయిడాలో 2011నుంచి 2013దాకా ఫార్ములా వన్ పందేలు జరిగిన పెద్ద ట్రాకు ఉంది. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరు ఒడ్డున, గోడలు కట్టి మూసిన 2.83 కిలోమీటర్ల దారిమీద, విద్యుత్తుతో నడిచే ఫార్ములా ఈ కార్లు పరిగెత్తాయి. ఫ్రాన్సు దేశపు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు.  ఆ మరుసటి ఏడు పందెం అక్కడ జరగలేదు.

కనుక మీ ఇంట్లో ఇలాంటి కుర్రవాడుంటే తిట్టి నోరు మూయించకండి. సొంత బండితో రుసుము కట్టి ట్రాకుమీద తిరిగే రోజులు, తోలడం నేర్పే శిక్షణలు ఇటువంటి చోట్ల ఉంటాయి. ఆరా తియ్యమనండి. కోట్ల కారు అక్కరలేదు, ఉన్న కారే చాలు. ముందు మంచి టైర్లు, కొత్త బ్రేకునూనె, తలకు సరైన హెల్మెట్టు కొనిపెట్టండి. ఎదురుగా లారీ రాని దారిమీద, పక్కన నేర్పేవాడు కూర్చుని ఉండగా, తన కారు ఎంతలో ఆగుతుందో ఒకసారి చూసినవాడు బళ్ళారి దారిమీద తొందరపడడని నా నమ్మకం. మా రైతు పందెపు గిత్తను సంతలో వదలడు, సేద్యపుటెద్దును పందెంలోకి తోలడు. దేని బాట దానికి చూపిస్తాడు. అంతపాటి వివేకం కార్ల విషయంలో కూడా చూపిస్తే, ఎవరికి కావలసినవి వాళ్ళు తీసేసుకోవచ్చు. ఇంటివాళ్ళను ఎక్కించుకుని తిరిగే బండిలో మాత్రం వెనక సీటు ఉండనివ్వండి.