పేరు రాస్తే బడికి పోయినట్టేనా?

ఫ్రాన్సులో మూడేళ్లు నిండిన పిల్లలు దాదాపు అందరూ బడిలోనే ఉంటారు. 2019 నుంచి ఆ వయసుకే చదువు తప్పనిసరి చేశారు కూడా. ఫిన్‌లాండ్‌లోనేమో ఏడో ఏట గానీ ఒకటో తరగతి మొదలవదు. ఇలాంటి లెక్కలు పేపర్లో పడ్డప్పుడల్లా "మనమెంత వెనకబడ్డామో" అని నిట్టూరుస్తుంటాం. నాకు మాత్రం ముందు ఆ లెక్క మీదే అనుమానం.

2030 నాటికి చేరాలని దేశాలన్నీ పెట్టుకున్న లక్ష్యాల్లో ఒక కొలత ఉంది. ఒకటో తరగతికి ముందటి ఏడాదిలో ఎంతమంది పిల్లలు ఏదో ఒక బడిలో ఉన్నారు అని. బాగానే ఉంది. కాని ఆ ఏడాదికి ఫిన్‌లాండ్‌లో పిల్లవాడికి ఆరేళ్లు, మన దగ్గర ఐదేళ్లు, ఇంగ్లండులో నాలుగేళ్లు! ముగ్గురినీ పక్కపక్కన నిలబెట్టి ఎత్తు కొలిచినట్టు లేదూ?

అంతదూరం ఎందుకు, మా బెల్లంపల్లే చూడండి. బొగ్గు బాయిల మీద పెరిగిన ఊరు. పొద్దున ఎనిమిదయ్యేసరికి మెడలో టై, వీపున తమకన్నా బరువైన సంచీ తగిలించుకున్న మూడేళ్ల పిల్లలతో ఆటోలు కిక్కిరిసి పోతుంటాయి. వీళ్లలో కొందరి పేర్లు అంగన్‌వాడీ రిజిస్టరులోనూ ఉంటాయి. మా వాడలో ఒకామెను అడిగితే, "గుడ్డు, అన్నం ఆడ పెడ్తరు. చదువు మాత్రం ఇంగ్లీషు మీడియంలనే గద అక్కా" అంది. ఒకే పిల్లవాడు, రెండు రిజిస్టర్లు. ఆమెను తప్పుపట్టలేను. పలకా బలపం సరిగా పట్టని వేళ్లతో నాలుగు గీతల కాపీ రాయించే బడినే మనం 'మంచి బడి' అంటున్నాం మరి.

అంగన్‌వాడీ అన్న మాటలోనే అంగణం, అంటే వాకిలి, ఉంది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన పథకం ఇది. పిల్లల తిండి, టీకాలు, ఆటపాటలు అన్నీ ఒక్క చోటే అన్నది ఆలోచన. మంచి ఆలోచనే. కాని ఆ అన్నిటికీ మనిషి ఒక్కతే! బరువులు తూచాలి, సరుకుల లెక్క రాయాలి, ఫోనులో వివరాలు ఎక్కించాలి, సర్వేలకు ఇల్లిల్లూ తిరగాలి. ఇక పాట నేర్పేదెప్పుడు, కథ చెప్పేదెప్పుడు?

ఇంతా చేస్తే ఆమెకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. ఆ గౌరవంతో కిరాణా కొట్లో ఉప్పు కూడా రాదని ఆమెకు తెలుసు. వాళ్లు గ్రాట్యుటీకి అర్హులని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2023 సెప్టెంబరులో మన తెలంగాణలో వాళ్లు సమ్మెకు దిగారు. ఫ్రాన్సులోనో? మూడేళ్ల పిల్లలకు చెప్పే టీచరుకూ, ఐదో తరగతి టీచరుకూ ఒకే అర్హత, ఒకే హోదా. పోల్చుకోవాల్సింది ఇది కాదా? చంటిపిల్లల పని ఎలాగూ ఆడవాళ్లు చేసేదే కదా, దానికి జీతమేమిటి అన్న ధోరణి మన ఇళ్లలోంచే సర్కారు దాకా పోయిందని నా అనుమానం.

2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరేళ్లు నిండినవాళ్లకే హక్కు ఇచ్చింది. అంతకన్నా చిన్నవాళ్ల విషయంలో రాజ్యాంగం ప్రభుత్వాన్ని 'ప్రయత్నించాలి' అనడంతో సరిపెట్టింది. ఆ ప్రయత్నం ఎంతవరకు వచ్చిందో మనమే వెళ్లి చూడొచ్చు. ఈ వారం మీ వాడ సెంటరుకు పోయి, టీచరు పిల్లల దగ్గర కూర్చుందా, సర్వేకు పోయిందా అడగండి. సర్వేకు పోయిందంటే, ఎవరు పంపారో కూడా అడగండి.