శాకీయ పిండోత్పత్తిలో హార్మోన్లు: మోతాదుతో పాటు కాలవ్యవధి

క్యారెట్ వేరు కణాల నుంచి పిండాలను రూపొందించవచ్చని 1958లో స్టీవార్డ్, రీనర్ట్ వేర్వేరుగా చూపారు. నాటి నుంచి ఈ రంగంలో తరచుగా వినిపించే ప్రశ్న ఏ హార్మోను, ఎంత మోతాదు అన్నదే. ఎంతకాలం అన్న ప్రశ్నకు పరిశోధన వ్యాసాల్లో దక్కే చోటు స్వల్పం. ఈ ఉపేక్షకు మూల్యం చెల్లించవలసి వచ్చేది చివరకు రైతే.

రైతులు కలుపు మందుగా ఎరిగిన 2,4-డి, లీటరు పోషక యానకంలో కొద్ది మిల్లీగ్రాముల మేర ఉన్నప్పుడు, విభేదనం చెందిన కణాలను మళ్లీ విభజనకు మళ్లించి పిండజనక స్థితికి తెస్తుంది. అదే ఆక్సిన్ కొనసాగితే పిండాభివృద్ధి నిలిచిపోతుంది. క్యారెట్‌లో 2,4-డిని తొలగించిన తరువాతే పిండాలు హృదయాకార, టార్పిడో దశలకు చేరుతాయి. పక్వ దశలో అనేక జాతులకు అబ్సిసిక్ ఆమ్లం తోడ్పడుతుంది.

ఈ విషయంలో ఆయిల్ పామ్ అనుభవం గమనార్హం. ఒకే మొవ్వుతో పెరుగుతూ పిలకలు వేయని ఈ చెట్టులో, మేలైన తల్లి చెట్టును యథాతథంగా వృద్ధి చేయడానికి కణజాల వర్ధనమే మార్గం. అయితే 1980 దశకంలో మలేషియా తోటల్లో కొన్ని క్లోన్ చెట్లు వికృతమైన కాయలు కాశాయి. కేసరాలు ఉండవలసిన చోట ఫలదళాల వంటి భాగాలు ఏర్పడి, కాయ చుట్టూ తొడుగులా పెరిగాయి. తీవ్రమైన సందర్భాల్లో కాయలు రాలి దిగుబడి పడిపోయింది. పుష్ప నిర్మాణాన్ని నియంత్రించే ఒక జన్యువులోని 'కర్మ' అనే ట్రాన్స్‌పోజాన్‌పై మిథైల్ గుర్తులు తొలగిపోవడమే ఇందుకు మూలమని 2015లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన తేల్చింది. పేరు ఎవరు పెట్టినా తగినదే.

దోషాన్నంతా ఆక్సిన్‌పైనే మోపడం తొందరపాటు. అయినా కాలస్ దశ సుదీర్ఘమైన కొద్దీ వికృతి ముప్పు పెరుగుతుందన్న అనుభవాన్ని విస్మరించరాదు. నర్సరీలో ఆ మొక్కకూ మంచి మొక్కకూ తేడా కనిపించదు. నాటిన మూడు, నాలుగేళ్లకు కాపు మొదలైనప్పుడే లోపం బయటపడుతుంది. అప్పటికి రైతు పెట్టుబడి, నీరు, భూమి అన్నీ ఆ తోటకే కట్టుబడి ఉంటాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ తోటలు నేటికీ ప్రధానంగా విత్తన మొక్కలవే గనుక జాగ్రత్త పడటానికి వ్యవధి ఉంది. పిండాల శాతాన్ని మాత్రమే ప్రకటించి విజయమనడం చాలదు. కణజాలం ఆక్సిన్‌లో ఎన్ని నెలలు గడిపింది, ఎన్నిసార్లు ఉపవర్ధనం జరిగింది, మొక్కలు తోటలో ఎలాంటి గెలలు వేశాయి అన్న వివరాలు ప్రతి నివేదికలోనూ ఉండాలి. ఆకు నమూనాలోనే 'కర్మ' మిథైలేషన్‌ను పరీక్షించే వీలున్నప్పుడు, ఆ పరీక్ష జరపకుండా క్లోన్ మొక్కలను రైతుకు అందించడం సమర్థనీయం కాదు.