జీపు మీద తొమ్మిది అడుగుల యాంటెన్నా ఎవరి కోసం?

పోస్టు పొడుగున్నది, ఓపికతోని చివరిదాకా చదవండి. నచ్చకపోతే తిట్టండి, కానీ మొత్తం చదివినంక తిట్టండి.

ఈ మధ్య జీపుల మీద, థార్ బండ్ల మీద, ఆఖరికి ట్రాక్టర్ల మీద గూడ పొడుగు యాంటెన్నాలు పెట్టాలన్న మోజు మొదలైంది. అమెరికాలో లారీ డ్రైవర్లు, అడవుల్ల బండ్లు తిప్పేటోళ్ళు వాడే సీబీ రేడియో వీడియోలు చూసి వస్తున్న మోజు ఇది. సిమ్ము అక్కర్లేదు, టవర్ అక్కర్లేదు, రీఛార్జి లేదు. బటన్ నొక్కి మాట్లాడుడే. వినడానికి బాగనే ఉన్నది. నేను రేడియోకు వ్యతిరేకిని కాను. నా కొట్లాట ఆ తొమ్మిది అడుగుల కడ్డీ మీద, "ఎంత పొడుగు ఉంటే అంత దూరం" అని దాన్ని అంటగట్టే మాటల మీద.

తొమ్మిది అడుగులు ఎక్కడి నుంచి వచ్చింది? సీబీ రేడియో 27 మెగాహెర్ట్జ్ దగ్గర పని చేస్తది. ఆ అల పొడవు సుమారు 11 మీటర్లు. యాంటెన్నా అందులో నాలుగో వంతు ఉంటే బాగా పని చేస్తది. అంటే 2.75 మీటర్లు, మన లెక్కల తొమ్మిది అడుగులు. ఇక్కడిదాకా అమ్మేటోడు చెప్పేది అబద్ధం కాదు. కానీ ఆయన సగం లెక్కనే చెప్తడు. మిగతా సగం మన చేన్ల మీద వేలాడుతున్నది.

ఆ సగం నేను చెప్త. ట్రాక్టర్ టాప్ నేల నుంచి దగ్గర దగ్గర ఎనిమిది అడుగులు. దాని మీద తొమ్మిది అడుగుల కడ్డీ పెడితే పదిహేడు అడుగులు. థార్ టాప్ ఆరు అడుగులు, దాని మీద పెడితే పదిహేను. ఇప్పుడు తల ఎత్తి పైకి చూడండి. రోడ్డు దాటే కాడ 11 కేవీ లైన్ 6.1 మీటర్ల ఎత్తుల ఉండాలె, అంటే ఇరవై అడుగులు. కానీ రోడ్డు కాని చోట, అంటే మన చేన్ల మీద, మామూలు తీగకు నిబంధన అడిగేది 4.6 మీటర్లే. అంటే పదిహేను అడుగులు. జీపు కడ్డీ సరిగ్గ తీగ కాడికి పోతది. ట్రాక్టర్ కడ్డీ తీగ దాటి రెండడుగులు పైకి పోతది.

ఇది నిబంధన ప్రకారం ఉన్న లైన్ సంగతి. మన చేన్ల మీద ఎన్ని లైన్లు నిబంధన ప్రకారం ఉన్నయో మీకు నేను చెప్పాల్నా? స్తంభం ఒరిగితే తీగ కిందికి వస్తది. ఎండాకాలం వేడికి సాగి ఇంకింత జారుతది. గడ్డి లోడు ట్రాక్టర్లకు వైర్లు తగిలి కాలిపోయిన వార్తలు యాసంగి కోతలప్పుడు చదువుతనే ఉంటం. గడ్డికే అట్లయితే, ఇనుప కడ్డీ సంగతి ఏంది? ఆ కడ్డీకి ఉన్న కేబులు నేరుగా నీ చేతిల పట్టుకున్న సెట్టు దాకా వస్తది. ముట్టుకునే దాకా ఆగదు గూడ, 11 కేవీ కరెంటు దగ్గరికి పోతేనే దుంకుతది. "మాది ఫైబర్ కడ్డీ, కరెంటు రాదు" అంటరు కొందరు. ఆ ఫైబర్ లోపల రాగి తీగ లేకపోతే అది యాంటెన్నానే కాదు.

"లైన్లు ఎత్తు చేయాల్సింది కరెంటోళ్ళు కదా, మమ్ముల్ని ఎందుకు అంటున్నవు" అని అడగొచ్చు. నిజమే, అది వాళ్ళ పని. జారిన లైన్ కనవడితే 1912కు ఫోన్ చేయండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి, పని అయ్యేదాకా వెంట పడండి. కానీ వాళ్ళు వచ్చి స్తంభం నిలబెట్టేదాకా నీ ప్రాణాన్ని పణంగా పెట్టి వాళ్ళ తప్పు నిరూపిస్తవా?

ఇగ దూరం సంగతి. రేడియో దూరం కడ్డీ పొడుగుతోనే రాదు. కడ్డీ కింద ఎంత ఇనుప రేకు పరుచుకొని ఉన్నదనేది గూడ అంతే ముఖ్యం. బండి బాడీనే యాంటెన్నాకు రెండో సగం. తొమ్మిది అడుగులది తెచ్చి వెనుక బంపర్ మూలకు బిగిస్తే సగం కడ్డీ బాడీ చాటుకే పోతది. ఒక దిక్కు వినవడుతది, ఇంకో దిక్కు వినవడది. మూడడుగులది, అడుగున చుట్ట ఉన్నది, ఇనుప టాప్ నడిమధ్యల పెడితే అన్ని దిక్కులా ఒక్క తీరుగ పోతది. పొడుగుదానికంటే బలం కొంత తగ్గుతది, కాదనను. కానీ మనం మాట్లాడుకునేది చెరువు కట్ట నుంచి చేను దాకా, ఈ ఊరి నుంచి పక్క ఊరి దాకా. దానికి ఇది సరిపోతది.

ట్రాక్టర్ ఫైబర్ టాప్ మీద అయస్కాంతం యాంటెన్నా నిలవనే నిలవదు, నిలిచినా కింద రేకు లేదు కాబట్టి పని చేయదు. ఇనుప పట్టీ వేసి, దాన్ని ఛాసిస్‌కు గట్టిగ కలపాలె. బోల్టు కింద రంగు గీకి ఇనుము ఇనుముకు ఆనేటట్టు బిగించాలె. కేబుల్ తలుపు సందుల నలగొద్దు. బిగించినంక ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి చూడాలె. 1.5 లోపు ఉంటే మంచిది, 3 దాటితే బటన్ నొక్కొద్దు, సెట్టు కాలుతది. కింది ఛానెల్ కాడ తక్కువ, పై ఛానెల్ కాడ ఎక్కువ చూపిస్తే కడ్డీ పొడుగైనట్టు, కొంచెం కొంచెం తగ్గించుకోవాలె. అమ్మేటోళ్ళల్ల మీటరు పెట్టి చూపించేటోళ్ళు ఎందరు? మొత్తం ఎత్తు నేల నుంచి పదకొండు అడుగులు దాటొద్దు. ఒక వెదురు బొంగు మీద గీత పెట్టుకొని కొలవండి.

చట్టం సంగతి గూడ వినండి. మన దేశంల లైసెన్సు లేకుండ సీబీకి ఇచ్చింది 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, ఐదు వాట్ల లోపు. అమెరికా సెట్టుల 40 ఛానెళ్ళు ఉంటయి. అందుల 28వ ఛానెల్ 27.285 కాడ ఉంటది. అంటే 28 నుంచి 40 దాకా మన హద్దు బయటనే. సెట్టు కొన్నవు కదా అని నొక్కితే హద్దు దాటినట్టే. యాంటెన్నా బయట పెట్టొచ్చా, సెట్టుకున్నదే వాడాల్నా, సెట్టుకు ప్రభుత్వ ఆమోదం ఉన్నదా అనేది గూడ కొనేముందు నిబంధనల్ల చూసుకోండి. అమ్మేటోడి నోటి మాట రేపు పోలీసుల ముందట పని చేయది. వాకీటాకీలకు వేరే హద్దు ఉన్నది, 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్. ఈ వివరాలు చెప్పకుండ ఆన్‌లైన్ల అమ్ముతున్నరని 2025 మే నెలల కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 నోటీసులు ఇచ్చింది. పెద్ద పెద్ద అమ్మకందార్లే నోటీసులు అందుకున్నరు. మన టౌన్ల కౌంటరు మీద అమ్మేటోడు నీకు చట్టం చెప్తడా?

మరి రేడియో ఎందుకు వద్దనట్లేదు? 2024 సెప్టెంబర్ 1 గుర్తు తెచ్చుకోండి. కోదాడ మునిగింది. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం కాడ సాగర్ ఎడమ కాల్వకు గండి పడ్డది. అసొంటి రోజు కరెంటు పోతే టవర్ బ్యాటరీ ఎంతసేపు వస్తది? కాల్వ మీద ఉన్న మనిషి కింది ఊరికి "నీళ్ళొస్తున్నయి, పశువులను ఇప్పండి" అని చెప్పాలంటే ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆ పనికి రేడియో కావాలె. అయితే అది ఒక్కడి థార్ మీద మెరిసే కడ్డీ కాదు. ఊరికి రెండు సెట్లు, ఒకటే ఛానెల్, ఎవరు మాట్లాడాలె ఎవరు వినాలె అని ముందే అనుకున్న కట్టుబాటు. నలుగురు రైతులు కలిసి, నిబంధన ప్రకారం, పొట్టి యాంటెన్నాతోని చేసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండది. ఒక్కడే సెట్టు కొంటే అటు దిక్కు వినేది ఎవరు?

ఆఖరు మాట. పొరపాటున బండి మీది ఏదన్నా వస్తువు కరెంటు తీగకు తగిలితే దిగకండి. సీటుల కూచోని లైన్ ఆపమని కేకలు వేయండి, దగ్గరికి వచ్చేటోళ్ళను ఆపండి. మంట అంటుకొని దిగక తప్పకపోతే రెండు కాళ్ళు కలిపి దుంకండి. బండిని, నేలను ఒకేసారి ముట్టుకోవద్దు. కాళ్ళు ఎడం చేయకుండ గెంతుకుంట దూరం పోండి. ఈ నాలుగు మాటలు ఆ యాంటెన్నా డబ్బా మీద రాసి ఉండవు. అందుకే ఇక్కడ రాసిన. ట్రాక్టర్ నడిపే ప్రతి పిల్లగానికి చదివి వినిపించండి.