పరీక్షకు ముందటి భోజనము

కోల్‌కతా నగరమునకు రక్తవర్గముల మాట క్రొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, దేశమందలి మొదటి రక్తనిధి ఆ నగరముననే, అఖిల భారత పారిశుద్ధ్య, ప్రజారోగ్య సంస్థలో నెలకొన్నది. రక్తము నెక్కించునప్పుడు తప్ప వర్గముతో పని లేదని జనులు తలతురు. కాని భోజనానంతరము ప్రేవులలో జరుగు ఒక చర్యకును దీనికిని సంబంధము కలదని 1960 తరువాతి పరిశోధనలలో తేలినది.

చిన్నప్రేవుల లోపలి పొరయందు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అను ఎంజైము కలదు. కాలేయమునందును ఎముకలందును దీని జాతివే కలవు. క్రొవ్వు గల ఆహారము తినిన కొన్ని గంటలకు ప్రేవులలోని ఎంజైము కొంత రక్తమున జేరును. ఓ, బి వర్గములవారిలో ఇది హెచ్చు. ఏ వర్గమువారిలో మిక్కిలి స్వల్పము. అందును, తమ వర్గపదార్థము లాలాజలమున గూడ ఊరెడి తత్వము గలవారికే ఈ పెరుగుదల స్పష్టముగా గానవచ్చును. మన దేశమున ఓ, బి వర్గములవారే అధికసంఖ్యాకులు.

ఈ ఎంజైమును కొలుచు పాత పద్ధతులలో, అది విడిపించు ఫాస్ఫరసును లెక్కించుట యొకటి. ఫాస్ఫరసును లెక్కించు ప్రసిద్ధ విధానమును 1925లో ఫిస్కేతో కలసి ప్రకటించినవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు!

ఇక, కోల్‌కతాలో బి వర్గపు గృహస్థు డొకడు ఉదయమున నేతిలో వేచిన లూచీలు తిని, మధ్యాహ్నము రక్తము నిచ్చినాడనుకొందము. చీటిలో ఫాస్ఫటేజ్ అంకె హద్దు మీరును. కాలేయము చెడినదని ఇంటిల్లిపాదియు బెంగటిల్లుదురు. అక్కరలేని పరీక్షలకు సొమ్ము వెచ్చింతురు. ట్రైగ్లిజరైడ్లు అను క్రొవ్వులును అదే భోజనముచే హెచ్చి యుండును. కొలెస్టరాల్ మాత్రము ఒక్క పూట తిండికి అంతగా మారదు. అందుచేత క్రొవ్వుల పరీక్షకు ప్రతిసారియు ఉపవాస మక్కరలేదని నేడు పలువురు వైద్యులు చెప్పుచున్నారు. ఆ మాట ఫాస్ఫటేజ్‌కు వర్తింపదు. అంకె హెచ్చినచో, రాత్రి భోజనము పిదప పండ్రెండు గంటలు ఆగి, మరల పరీక్షించుట యుక్తము. అయితే కన్నులు పచ్చబడుట, ఒడలెల్ల దురద, ఎముకల నొప్పి యున్నచో భోజనముపై నెపము వేసి జాగు చేయరాదు.

రక్తవర్గమును బట్టి తిండిని విధించు పుస్తకములు అంగళ్ళలో విరివిగా నమ్ముడగుచున్నవి. వానికి తగిన శాస్త్రాధారము లేదు. రక్తములో క్రొవ్వు హెచ్చినవాడు ఏ వర్గమువాడైనను నేయి, వేపుడు తగ్గింపవలసినదే. పరీక్షాశాలలవారు పేరు, వయస్సు వ్రాయు చీటిపై కడపటి భోజనము ఏ వేళ జరిగినదో వ్రాయుటకు ఒక్క పంక్తి చేర్చినచో, చూచు వైద్యునకు చాలును.