తడి తక్కువ, తిప్పలు తక్కువ: తివాచీల మెషీన్ కొనేముందు

"పొదుపు సంఘం డబ్బులు కొంత ఉన్నాయి, బ్యాంకు లోను కొంత వస్తుంది. నలుగురం కలిసి తివాచీలు, కార్పెట్లు శుభ్రం చేసే పని పెట్టుకుందామనుకుంటున్నాం. గుండ్రంగా తిరిగే మెషీన్ కొనమంటున్నారు. ఏది కొనాలి?" అని పటమట నుంచి ఒక సోదరి అడిగారు. గుడివాడ నుంచి ఇంకొకరు ఇంచుమించు ఇదే అడిగారు. ముద్ర లోనులో శిశు కింద 50 వేల వరకూ ఇస్తారు కదా, దాంతో సరిపోతుందా అని కూడా వాళ్ల సందేహం.

మిక్సీ కొనడం వేరు, ఇది వేరు. మిక్సీ పాడైతే మన పచ్చడే ఆగిపోతుంది. ఈ మెషీన్ తప్పుది కొంటే పాడయ్యేది ఎదుటివాళ్ల ఇంట్లో తివాచీ. దాని ఖరీదు మన నలుగురి ఆరు నెలల సంపాదన కావచ్చు. కాబట్టి ఈ వారం కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు అసలు తడి తక్కువ పద్ధతి మనకెందుకో చూద్దాం. కార్పెట్‌ని వేడినీళ్లు చిమ్మి, మళ్లీ ఆ నీళ్లు లాగేసే పద్ధతి ఒకటుంది. లోతుగా శుభ్రమవుతుంది, కాదనను. కానీ ఆరడానికి ఆరు గంటల నుంచి ఒక రోజు దాకా పడుతుంది. అది చల్లని పొడిగాలి ఉన్న దేశాల లెక్క. మన బెజవాడలో శ్రావణ భాద్రపదాల్లో ఉతికిన లంగాలే రెండు రోజులు ముక్కవాసన వేస్తాయి కదండీ! ఇక బందరు, అవనిగడ్డ వైపు సముద్రపు గాలికి చెప్పనే అక్కర్లేదు. కార్పెట్ పైన ఆరినట్టు కనిపించినా అడుగున తడి నిలిచిపోతుంది. ఒకటి రెండు రోజులు అలా ఉంటే బూజు మొదలవుతుంది. అడుగున జనపనార ఉన్నదైతే దాని రంగు పైకెక్కి గోధుమరంగు చారలు పడతాయి. జిగురుతో అంటించిన రకమైతే ఆ జిగురు వదిలి పొరలు ఊడతాయి. తడి తక్కువ పద్ధతిలో ఫ్యాను వేస్తే గంటా రెండు గంటల్లో మళ్లీ నడవొచ్చు. అందుకే ఆఫీసులూ హోటళ్లూ దీన్ని ఇష్టపడతాయి.

పని జరిగే తీరు ఇదీ. కార్పెట్‌లో ఉండే మురికిలో ఎక్కువ భాగం పొడి మట్టే. మన డెల్టా నల్లరేగడి సంగతి తెలిసిందే. తడిస్తే బంక, ఆరితే పిండి. అందుకని మొదట వాక్యూమ్ క్లీనర్‌తో నిదానంగా, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగాలి. ఈ పని ఎగ్గొట్టి మందునీళ్లు చల్లితే పిండిని అడుసు చేసినట్టే. తర్వాత చేతి పంపుతో కొంచెం కొంచెం మందునీళ్లు మంచులా చల్లుతారు. మెషీన్ కింద నూలు దిండులాంటి మెత్తటి ప్యాడ్, దాన్ని బానెట్ అంటారు, తడిపి గట్టిగా పిండి పెట్టి తిప్పుతారు. మురికి కొంత ప్యాడ్‌కి అంటుకుంటుంది. ప్యాడ్ ఒకవైపు నల్లబడగానే తిరగెయ్యాలి, రెండోవైపూ అయితే మార్చెయ్యాలి. నల్లబడ్డ ప్యాడ్‌తోనే గదంతా లాగించేవాళ్లని చూశాను, అది ఒక మూల మురికిని ఇంకో మూలకి పంచిపెట్టడమే.

ఇప్పుడొచ్చే మందుల్లో ఇంకో రకం ఉంది. అది మురికి కణాల చుట్టూ పొరలా పట్టుకుని ఆరిపోయాక పలుకులుగా మారుతుంది. ఆ పలుకుల్ని మర్నాడు వాక్యూమ్‌తో లాగేస్తారు. మంచి మందో కాదో తెలుసుకోవడం మన వంటింట్లోనే సులువు. స్టీలు పళ్లెంలో రెండు చెంచాలు పోసి రెండు రోజులు ఆరనివ్వండి. గోటితో గీరితే పెళుసుగా పొడిపొడిగా రాలాలి. బెల్లం పాకంలా వేలికి అంటుకుందా, అది వద్దు. అంటుకునే మందు కార్పెట్‌లో ఉండిపోయి పదిరోజుల్లో రెట్టింపు దుమ్ము పట్టిస్తుంది. బట్టల సబ్బుపొడి వాడకూడదనేది కూడా ఇందుకే.

ఇక మెషీన్. కొట్లో వరసగా పెట్టి ఉంటే అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. కింద గుండ్రటి పళ్లెం, పైన మోటారు, పొడుగు చెయ్యి. మొదట అడగాల్సింది అది నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందని. కార్పెట్‌కి 150 నుంచి 180 చుట్ల లోపు తిరిగేది కావాలి. వెయ్యి, పదిహేనువందలు తిరిగేవి గచ్చుకి మెరుపు పెట్టే మెషీన్లు. కొట్టువాడు "ఇంకా స్పీడుగా ఉంటుందమ్మా" అని అవి చూపిస్తే మాత్రం వద్దనండి. కార్పెట్ మీద పెట్టారంటే పోగులు మెలిపడిపోతాయి, ప్లాస్టిక్ పోగులైతే రాపిడి వేడికి కరిగి మెరుస్తూ మచ్చ పడిపోతుంది, అది ఇక పోదు. నిదానంగా తిరిగే మెషీన్‌నైనా పొడి ప్యాడ్‌తో ఒకేచోట నిలిపి తిప్పకూడదు.

పళ్లెం వెడల్పు 13 అంగుళాల నుంచి 20 దాకా దొరుకుతుంది. ఎక్కువగా వాడేది 17. ఇరవై అంగుళాలది కొంటే పని తొందరగా అవుతుందనిపిస్తుంది. కానీ దాన్ని మంచాల మధ్యకీ సోఫా వెనక్కీ తిప్పలేం. ఇళ్లల్లో పనే ఎక్కువనుకుంటే 15 కూడా చాలు. 17 అంగుళాల మెషీన్లు చాలావరకు 40 కిలోల పైమాటే. లిఫ్టు లేని మూడో అంతస్తుకి ఎవరు మోస్తారు? ఆటోలోకి ఎవరెక్కిస్తారు? చెయ్యి ఊడదీసే వీలుందా, వెనక చక్రాలు మెట్టుకి తగిలేంత పెద్దవా, ఇవి చూసుకోండి. కొన్ని మెషీన్లకి అదనపు బరువులు ఇస్తారు. అవి రాయి అరగదీసే పనికి, కార్పెట్ మీదకి తీసెయ్యాలి.

మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్ ఉండేది మామూలుగా దొరుకుతుంది. అంటే సుమారు 1100 వాట్లు, మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది. ఫ్యాను ప్లగ్గులో పెట్టకూడదు, గీజరు పెట్టే పెద్ద ప్లగ్గే కావాలి. పొడుగు వైరు కావాలంటే మూడు తీగలది, లావుది కొనండి. తడి దగ్గర కరెంటు పని కదా, ఎర్త్ లేని ఇంట్లో మెషీన్ పెట్టనే వద్దు. షాకు కొట్టేలోపు కరెంటు ఆపేసే చిన్న స్విచ్ ఒకటి ఎలక్ట్రీషియన్‌తో మీ వైరుకే బిగించుకుంటే ఏ ఇంటికెళ్లినా నిశ్చింత. చెయ్యి వదలగానే ఆగిపోయే పిడి ఉందో లేదో తప్పకుండా చూడండి. లోపల బెల్టుతో తిరిగేదా, పళ్ల చక్రాలతో తిరిగేదా అని కూడా అడగండి. బెల్టుది చవక, తెగితే మార్చుకోవచ్చు. పళ్ల చక్రాలది ఖరీదెక్కువైనా బలంగా లాగుతుంది, ఎక్కువ కాలం వస్తుంది.

చేతికి నీళ్ల డబ్బా తగిలించి ఉన్న మెషీన్‌ని చూసి ముచ్చటపడకండి. అది బ్రష్షు గుండా షాంపూ నీళ్లు ధారగా దింపి గట్టిగా తోమే పద్ధతికి. మనం తడి తక్కువ అనుకుని ఇంత దూరం వచ్చి, డబ్బాడు నీళ్లు దించడమెందుకు! డబ్బా లేనిది తీసుకుని విడిగా చేతి పంపు కొనుక్కుంటే డబ్బూ ఆదా. ప్యాడ్ పట్టుకునే పళ్లెం మాత్రం వేరే కంపెనీ ప్యాడ్లు కూడా పట్టేదై ఉండాలి. లేకపోతే ప్రతి ప్యాడ్‌కీ ఆ ఒక్క కొట్టుకే తిరగాలి.

నడపడం నేర్చుకోకుండా ఎవరింటికీ వెళ్లొద్దు. స్విచ్ నొక్కగానే మెషీన్ గేదె తాడు లాగినట్టు పక్కకి లాగేస్తుంది. బలంతో ఆపలేరు, ఆపనక్కర్లేదు కూడా. చెయ్యి కొంచెం పైకెత్తితే కుడికి, కిందికి దించితే ఎడమకి దానంతటదే పోతుంది. ఖాళీ గచ్చు మీద తడిగుడ్డ వేసి వారం రోజులు సాధన చేస్తే చేతికి అలవాటవుతుంది. పిడి నడుం ఎత్తులో పెట్టుకోండి. చీర కుచ్చిళ్లు ఎగదోపుకోవడం కాదు, ఆ పనికి చుడీదారే మంచిది. వైరు భుజం మీదుగా వెనక్కి ఉండాలి. కాళ్లకి రబ్బరు చెప్పులు.

ఈ గుండ్రటి మెషీనొక్కటే ఉందనుకోకండి. రెండు పొడుగు బ్రష్షులు ఎదురెదురుగా తిరిగే రకం ఉంది. బరువు బాగా తక్కువ, వెంట్రుకలూ పీచూ ఎత్తిపోస్తుంది, అణగిపోయిన పోగుని లేపుతుంది. కొసలు కత్తిరించిన మెత్తటి పోగు ఉన్న కార్పెట్లకి గుండ్రటి మెషీన్ కంటే ఇదే నయం, ఎందుకంటే గుండ్రటిది వాటి మీద సుడుల్లాంటి గుర్తులు వేస్తుంది. కొన్ని కార్పెట్ కంపెనీలైతే బానెట్ పద్ధతి వాడొద్దనే చెప్తాయి. అందుకని ఖరీదైన కొత్త కార్పెట్ అయితే గ్యారంటీ కాగితం ముందు చూపించమనండి. పోగు ఉంగరంలా చుట్టు తిరిగి గట్టిగా ఉండే ఆఫీసు రకానికి గుండ్రటిది బాగా పనికొస్తుంది. ఇంకోటి, చిన్న చిన్న చుట్లతో వణికినట్టు తిరిగే మెషీన్. పక్కకి లాగదు, ఆడవాళ్లకి చాలా తేలిక, కానీ ధర చెప్పగానే గుండె గుభేల్మంటుంది.

మరి మీకేది? నా మటుకు నేను గుండ్రటిదే అంటాను, కారణం వేరే. మన విజయవాడ ఇళ్లల్లో గోడ నుంచి గోడకి కార్పెట్ వేసుకున్నవాళ్లెందరు? గ్రానైటు, టైల్సు, మొజాయిక్కే ఎక్కువ. బందరు రోడ్డు ఆఫీసులు, హోటళ్లు, ఏసీ హాళ్లు పట్టుకుంటేనే కార్పెట్ పని. కల్యాణ మండపాల్లో పరిచే ఎర్ర కార్పెట్ పల్చటిది, దాన్ని కడిగి ఎండేసుకుంటారు, మన మెషీన్‌తో పనిలేదు. కాబట్టి కార్పెట్ పని లేని రోజున టైల్స్ తోమి నాలుగు డబ్బులు తెచ్చే మెషీనే నలుగురికీ అన్నం పెడుతుంది. గుండ్రటిది బ్రష్షు మారిస్తే ఆ పనీ చేస్తుంది. టైల్స్ బ్రష్షు, కార్పెట్ ప్యాడ్లు మాత్రం వేరువేరు సంచుల్లో ఉంచండి. ఆసిడ్ తగిలిన బ్రష్షు కార్పెట్ దగ్గరికి రానివ్వొద్దు.

ఈ మెషీన్ పెట్టకూడని తివాచీలు ఉన్నాయి. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ల నుంచి అబ్బిందని చెప్పుకునే ఏలూరు ఉన్ని తివాచీలు మన పక్కనే ఉన్నాయి. చేత్తో ముడులు వేసి నేసినవి. పెద్దల నాటి ఏలూరు తివాచీ ఎవరైనా తీసి చూపిస్తే దండం పెట్టి పక్కన పెట్టండి. తిరిగే పళ్లెం అంచు కుచ్చులకి చుట్టుకుందంటే లాగి తెంపేస్తుంది. ఉన్నికి బ్లీచింగూ, సోడాలాంటి ఘాటు మందులూ పడవు. వాటిని తిరగేసి దులిపి, పోగు వాలిన వైపుకే వాక్యూమ్ చెయ్యడం వరకే మన పని. ఏ తివాచీ అయినా సరే, మూల మీద మందునీళ్లు రెండు చుక్కలు వేసి తెల్లగుడ్డ అద్ది రంగు దిగుతుందేమో చూశాకే మొదలెట్టాలి.

పసుపు మరక మన ఇళ్లల్లో తప్పదు. సోడా గుణం ఉన్న మందు తగిలిందా, పసుపు కాస్తా ఎర్రగా మారి ఇంటావిడ గుండె ఆగినంత పని అవుతుంది. ముందే చెప్పి, ఆ చోట వేరే మందు వాడండి.

వరద నీళ్లు తాగిన కార్పెట్ మాత్రం ఒప్పుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లల్లో రోజుల తరబడి మురుగు నిలిచింది కదా. అలా నానినదానికి పై పైన ప్యాడ్ తిప్పితే పైకి తెల్లగా కనిపిస్తుంది, అడుగున జబ్బు అలాగే ఉంటుంది. పసిపిల్లలు దొర్లాడే చోటు అది. డబ్బులిస్తామన్నా, తీసి పారెయ్యమని చెప్పడమే న్యాయం. పెంపుడు కుక్క తడిపి లోపలికి దిగిపోయిన వాసన కూడా తడి తక్కువ పద్ధతికి లొంగదు.

కొనేముందు డెమో ఇంటికే తెప్పించుకోండి, అదీ వానాకాలంలో. మే నెల ఎండలో బెజవాడలో ఏదైనా అరగంటలో ఆరిపోతుంది, అది చూసి మోసపోవద్దు. వాళ్ల కుర్రాడు కాదు, మీలో అందరికంటే సన్నగా ఉన్నావిడ పావుగంట నడపాలి. మణికట్టు నొప్పెడితే ఆ మెషీన్ మీది కాదు. తుడిచాక ఒక గంటకి, రెండు గంటలకి తెల్ల కాగితం రుమాలు పెట్టి కాలితో అదిమి తడి చూడండి. కార్బన్ బ్రష్షు, స్విచ్, బెల్టు లాంటి విడిభాగాలు విజయవాడలోనే దొరుకుతాయా, లేక హైదరాబాదు నుంచో కోయంబత్తూరు నుంచో రావాలా అనేది నోటిమాటగా కాకుండా రాయించుకోండి. 50 వేలల్లో మెషీనొక్కటే చూసుకోకండి. మంచి వాక్యూమ్ క్లీనరు, డజను ప్యాడ్లు, చేతి పంపు, లావు వైరు కూడా ఆ లెక్కలోనే రావాలి. డబ్బు చాలకపోతే మెషీన్ ఒక సైజు తగ్గించండి గానీ వాక్యూమ్‌లో తగ్గించకండి. బిల్లు సంఘం పేరు మీద తీసుకుని, మోటారు గ్యారంటీ ఎన్ని నెలలో దాని మీదే వేయించుకోండి.