మన ఓటును మోసుకుపోయేవాళ్ళు

మనం ఓటు వేసి వేలికి సిరా పూయించుకుని ఇంటికొస్తే పని అయిపోయిందనుకుంటాం. అసలు పని అప్పుడే మొదలవుతుంది. మన ఓటుతో ఒకడు గెలుస్తాడు. గెలిచినవాడు పోయి ఇంకొక ఓటు వేస్తాడు. మున్సిపల్ చైర్మన్, మండలాధ్యక్షుడు, జిల్లా పరిషత్ చైర్మన్, చివరికి ఢిల్లీలో రాష్ట్రపతి కూడా ఆ రెండో ఓటుతోనే అయ్యేది. మొదటి ఓటుకు మాలవాడకూ మాదిగవాడకూ వచ్చి, ముసలమ్మల చేతులు పట్టుకుని అడుగుతారు. రెండో ఓటు నాడు మన వాడ ముఖం చూసేవాడుండడు.

మైదుకూరు మున్సిపాలిటీలో 2021 మార్చిలో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. 24 వార్డులు. తెలుగుదేశానికి 12 వచ్చినాయి, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11, జనసేనకు 1. వార్డుల లెక్కన చూస్తే ముందున్నది తెలుగుదేశం. చైర్మన్ ఎన్నిక నాడు ఎమ్మెల్యే, ఎంపీల ఎక్స్ అఫీషియో ఓట్లు రెండు కలిసి 11 కాస్తా 13 అయినాయి. తెలుగుదేశం సభ్యుల్లో ఒకరు రాలేదు. జనసేన సభ్యుడూ రాలేదు. 13కు 11. కుర్చీ అటు పోయింది. ఆ ఇద్దరూ వచ్చి ఒకే పక్క చెయ్యెత్తి వుంటే 13కు 13 అయ్యి చీటీ వేయాల్సి వచ్చేది.

ఏ పార్టీ గెలిచిందనేది ఈ పత్రికకు ముఖ్యం కాదు. రెండు పార్టీలలోనూ పెత్తనం ఎవరిదో మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మా ప్రశ్న ఒకటే. ఓటు వేసిన జనాన్ని, చైర్మన్ ఎన్నికకు ముందు "అయ్యా, నేను ఎవరికి వేయాల?" అని పిలిచి అడిగిన సభ్యుడు 24 మందిలో ఒక్కడైనా వున్నాడా? రానివాళ్ళ సంగతి సరే, వచ్చి చెయ్యెత్తినవాళ్ళైనా అడిగినారా?

ఇది మైదుకూరుకే పట్టిన రోగం అనుకోవద్దు. దేశంలో అన్నిటికన్నా పెద్ద కుర్చీకి కూడా ఇది పట్టింది. బడిలో మేము చెప్పే సాంఘికశాస్త్రం పుస్తకంలో రాష్ట్రపతి ఎన్నిక నాలుగు ముక్కల్లో అయిపోతుంది. 1969 కథ అందులో వుండదు.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ చనిపోయినాడు. కాంగ్రెస్ పెద్దలు జూలైలో బెంగుళూరులో కూర్చున్నారు. అభ్యర్థిగా ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్ పేరు పెట్టింది. అది గాంధీ శతజయంతి సంవత్సరం. హరిజనోద్ధరణ అని ఊరూరా ఉపన్యాసాలిచ్చే పార్టీ, ఆ ఏడాది ఒక దళితుణ్ణి రాష్ట్రపతి కుర్చీలో కూర్చోబెట్టవచ్చు. బోర్డులో మెజారిటీ ఒప్పుకోలేదు. మన సీమవాడే, అనంతపురం జిల్లా ఇల్లూరు రెడ్డి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిని నిలబెట్టినారు. ఉపరాష్ట్రపతిగా వున్న వి.వి. గిరి రాజీనామా చేసి స్వతంత్రంగా పోటీకి దిగినాడు. ఆయన బరంపురంలో పుట్టిన తెలుగు బ్రాహ్మడు. మూడో మనిషి సి.డి. దేశ్‌ముఖ్.

సంజీవరెడ్డి నామినేషన్ మీద సంతకం పెట్టింది ఇందిరాగాంధే. అదే ఇందిర పోలింగ్ దగ్గర పడేసరికి "అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యండి" అనింది. ఆగస్టు 16న ఓట్లు పడినాయి, 20న లెక్కించినారు. తొలి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపితే గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తేడా 14,650. అప్పట్లో ఒక ఎంపీ ఓటు విలువ 576. అంటే 13 మంది ఎంపీలు అటు నుంచి ఇటు తిరిగి వుంటే రాష్ట్రపతి మారిపోయేవాడు. ఆ ఏడాది నవంబరులో కాంగ్రెస్ రెండు ముక్కలయింది. సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా అదే కుర్చీ ఎక్కినాడు. పెద్ద కులాలవాళ్ళకు పోయిన కుర్చీ మళ్ళీ వస్తుంది లెండి. మనకు కె.ఆర్. నారాయణన్ దాకా, 1997 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక మాట అడగాల. పార్టీ మాట దాటిన ఆ అంతరాత్మ జగ్జీవన్ రామ్ పేరు తీసేసిన నాడు యాడికి పోయింది? జూలైలో నిద్రపోయి ఆగస్టులో లేచిందా?

రాష్ట్రపతి ఎన్నికలో రహస్య బ్యాలెట్. పార్టీలు విప్ జారీ చేయడానికి లేదు. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం అక్కడ పని చేయదు. మన ఎమ్మెల్యే ఓటు విలువ 159. 1971 జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో, మళ్ళీ వెయ్యితో భాగిస్తే వచ్చే లెక్క అది. సుమారు లక్షా 59 వేల మంది మనుషుల్ని ఒక కాగితంలో చుట్టి ఆయన చేతికిచ్చినట్టు. ఆ కాగితం మీద ఆయన ఏం రాసినాడో ఆ లక్షా 59 వేల మందికీ ఎప్పటికీ తెలియదు.

అమెరికాలోనూ ఇదే తంతు. అక్కడ జనం ఓట్లతో 538 మంది ఎలక్టర్లు గెలుస్తారు, వాళ్ళు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. 270 కావాల. 2000లో బుష్‌కు వచ్చింది 271. ఇద్దరు జారిపోయి వుంటే మెజారిటీ లేదు. 2016లో ఏడుగురు మాట తప్పినారు. వాషింగ్టన్ రాష్ట్రం వాళ్ళు నలుగురు హిల్లరీ క్లింటన్‌కు వేస్తామని చెప్పి వేయలేదు. అందులో ఒకరు ఒక ఆదివాసీ స్త్రీ పేరు రాసినారు. తలా వెయ్యి డాలర్లు జరిమానా పడింది. మాట తప్పేవాళ్ళను రాష్ట్రాలు శిక్షించవచ్చని 2020లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అట్లయితే మన దగ్గర కూడా గట్టి చట్టం తెచ్చి పార్టీ చెప్పినట్టే వేయమందామా? ఆగండి. 1946 గుర్తుకు తెచ్చుకోండి. రాజ్యాంగ సభకు సభ్యుల్ని ఎన్నుకున్నది ప్రాంతాల శాసనసభ్యులు. అదీ రెండో ఓటే. బొంబాయిలో కాంగ్రెస్ అంబేద్కర్‌కు తలుపులు మూసేసింది. బెంగాల్‌లో జోగేంద్రనాథ్ మండల్ ఆయన్ను నిలబెట్టినాడు. మండల్ ఒక్కడి ఓటుతో గెలుపు రాదు. వేరే దళిత సభ్యులు కలిసొచ్చినారు, కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన దళితుడు కూడా పార్టీ మాట కాదని బాబాసాహెబ్‌కు వేసినాడు. కాంగ్రెస్ లెక్కలో ఆయన ద్రోహి. మన లెక్కలో? ఆనాడు ఆ ఓటు జారకపోతే ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది.

అందుకే ఓటు మార్చుకున్న ప్రతివాణ్ణీ ఒకే గాటన కట్టొద్దు. బెంగాల్ సభ్యుడు పార్టీని దాటినాడు గానీ తన జనాన్ని దాటలేదు. క్యాంపుకు పోయి తిరిగొచ్చేవాడు రెంటినీ దాటుతాడు. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు తన ఎమ్మెల్యేలను బెంగుళూరులో కాపాడుకోవాల్సి వచ్చిన నాటి నుంచి క్యాంపు అనేది మన రాజకీయాల్లో పెద్ద పండగ. ఇప్పుడు ఎంపీటీసీ సభ్యుణ్ణి కూడా బండెక్కించి తీసకపోతాండారు, ఫోను లాక్కుంటాండారు.

ఇందులో మనకు ఎక్కువ నష్టం యాడుందో చెప్తా. 1987లో మండలాధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకున్నారు. 1995 నుంచి ఎంపీటీసీ సభ్యులు ఎన్నుకుంటున్నారు. అధ్యక్ష పదవి ఎస్సీలకు రిజర్వు అయిందనుకోండి. గెలిచిన దళిత సభ్యులు ఇద్దరో ముగ్గురో వుంటారు. వాళ్ళలో ఎవరు కుర్చీ ఎక్కాలనేది మిగతా పది పన్నెండు మంది, వాళ్ళ వెనక వున్న పెద్దమనుషులు తేలుస్తారు. నోరున్న దళితుడు ఇంట్లో, నోరు లేని దళితుడు కుర్చీలో. 1932లో పూనా ఒప్పందం నాడు మన ప్రతినిధిని ఊరు మొత్తం ఎన్నుకోవాలని మెలిక పెట్టినారు కదా, ఇది దాని తమ్ముడు.

మన సభ్యుడి తప్పు లేదా అంటే వుంది. కానీ అప్పుల్లో వున్న మనిషి, భార్య పేరు మీద పదవి, చేను దొరది, కొడుకు చిన్న ఉద్యోగం దొర సిఫారసుది. అట్లాంటివాణ్ణి ఒంటరిగా బండెక్కనిచ్చి తర్వాత తిట్టుకుంటే ఏం లాభం? విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుందని పార్టీవాళ్ళు బెదిరిస్తారు. వాడ నుంచి వాణ్ణి అడిగేవాడూ లేడు, వాడికి అండగా నిలిచేవాడూ లేడు.

ఈసారి వార్డు ఎన్నికలు, ఎంపీటీసీ ఎన్నికలు వచ్చినప్పుడు ప్రతి దళితవాడలో సంఘం ఒక కూటం పెట్టాల. మొదటి కూటం ఓటు అడగడానికి వచ్చిన నాడే. చైర్మన్‌కు, మండలాధ్యక్షుడికి ఎవరికి చెయ్యెత్తుతావో అందరి ముందర చెప్పించండి. అంబేద్కర్ బొమ్మ దగ్గర, ఆడవాళ్ళు కూడా వుండగా చెప్పించండి. రెండోది గెలిచిన తర్వాత, క్యాంపు బండి రాకముందు. ముందు చెప్పిన మాట మార్చుకోవాల్సి వస్తే కారణం అక్కడే చెప్పాల, వాడ ఒప్పుకుంటే మార్చుకోవచ్చు. బెదిరింపు వచ్చిందంటే పదిమంది వెంట పోయి ఎన్నిక జరిగే గది వాకిలి దాకా దిగబెట్టి రండి. మూడో కూటం ఎన్నిక అయిన రోజు సాయంత్రం, ఏం చేసినాడో చెప్పడానికి. ఈ మూడు కూటాల తేదీలు, హాజరైనవాళ్ళ సంఖ్య రాసి పంపితే ఏ వాడదైనా సరే ఈ పేజీల్లో అచ్చు వేస్తాం.